ముందు మెట్లు, తర్వాతే శబ్దం

గోడకు ఆనించి నిలబెట్టే అప్‌రైట్ పియానో అంటే రెండు వందల కిలోలకు కాస్త అటూ ఇటూగా బరువు. లోపల సుమారు 220 ఉక్కు తీగలు ఉంటాయి, వాటి బిగువంతా కలిపితే 15 టన్నులు దాటుతుంది. దాన్ని మోయడానికి పోత ఇనుప చట్రం ఉంటుంది. ఇంత ఇనుమున్నా శ్రుతి మాత్రం పల్చటి స్ప్రూస్ చెక్క దయ మీదే నడుస్తుంది. గాలిలో తేమ పెరిగితే నాదాన్ని పెంచే ఆ చెక్క, అంటే సౌండ్ బోర్డు, ఉబ్బి తీగలను బిగదీస్తుంది, శ్రుతి పైకి పోతుంది. గాలి పొడిబారితే కిందికి దిగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి తుప్పు దీనికి అదనం. ట్యూనర్ దొరకనప్పుడో, మూడో అంతస్తు అద్దె ఇంటికి మారాల్సి వచ్చినప్పుడో పోర్టబుల్ డిజిటల్ పియానో మీదికి మనసు పోవడం సహజమే. యమహా పి-225 పదకొండున్నర కిలోలు, రోలాండ్ ఎఫ్‌పి-30ఎక్స్ పదిహేనుకు కొంచెం తక్కువ. ఒక మనిషి చంకలో పెట్టుకుని మెట్లెక్కొచ్చు.

షాపులో ముందుగా చూపించేది ఎన్ని వాయిద్యాల శబ్దాలున్నాయి, ఎన్ని రిథమ్‌లున్నాయి అన్న లెక్క. అసలు పియానో మీద చేయి తిరిగినవాళ్లకు వాటితో పనిలేదు. చూడాల్సింది మెట్లను, అంటే వేళ్లతో నొక్కే కీలను. ఎందుకో తెలియాలంటే పియానో ఎలా పలుకుతుందో చూడాలి.

1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తోఫరి దీన్ని తయారుచేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే తీగ మీటబడేది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దంలో పెద్ద తేడా ఉండేది కాదు. క్రిస్తోఫరి తీగను కొట్టడానికి చిన్న సుత్తిని పెట్టాడు. తీగను తాకడానికి క్షణం ముందు ఆ సుత్తి మెట్టుతో సంబంధం తెంచుకుంటుంది. చేతి నుంచి వదిలిన రాయి లాగే, ఇక దాని వేగం తప్ప మరేదీ లెక్కలోకి రాదు. తీగ పలికాక మెట్టును ఎంత నొక్కిపట్టినా ఆ స్వరం మారదు. ‘మెట్టును నిమిరితే నాదం మెత్తబడుతుంది’ అని చెప్పే గురువులు నిజానికి మార్చేది సుత్తి వేగాన్ని, పెడల్‌ను, మెట్టును వదిలే క్షణాన్ని. శాస్త్రం ఎలా ఉన్నా సలహా మాత్రం పనిచేస్తుంది!

డిజిటల్ పియానోకు ఇది పెద్ద అదృష్టం. వేగం ఒక్కటి కొలిస్తే చాలు. ప్రతి మెట్టు కింద రెండు సెన్సర్లుంటాయి. మెట్టు మొదటిదాన్ని దాటాక రెండోదాన్ని దాటడానికి పట్టిన సమయమే వేగం లెక్క. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1983 నాటి మిడి పద్ధతిలో ఆ వేగాన్ని 1 నుంచి 127 వరకు అంకెగా రాస్తారు. మూడో సెన్సర్ కూడా ఉంటే, మెట్టు పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ వాయించొచ్చు. తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద గ్రాండ్ పియానోలో ఈ పనిని 1821లో పియానోలు తయారుచేసే ఎరార్డ్ పేటెంట్ పొందిన యంత్రాంగం చేస్తుంది. అప్‌రైట్‌లో మామూలుగా ఆ యంత్రాంగం ఉండదు. కాబట్టి అప్‌రైట్ నుంచి వచ్చేవాళ్లు మూడో సెన్సర్ లేదని బెంగపడక్కర్లేదు.

బెంగపడాల్సిన విషయం మరొకటుంది. ప్రకటనల్లో అది చాలావరకు కనిపించదు. మెట్టు లోపల ఎక్కడో ఒక ఇరుసు మీద ఊగుతుంది. సన్నటి డిజిటల్ పియానోలో జాగా తక్కువ కాబట్టి ఆ ఇరుసును ముందుకు జరుపుతారు. మెట్టు అంచు నుంచి ఇరుసు 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అంచు దగ్గర కాకుండా నల్ల మెట్ల మధ్య 12 సెంటీమీటర్ల లోపల నొక్కితే ఇరుసుకు మిగిలేది 8 సెంటీమీటర్లే, బలం రెండున్నర రెట్లు కావాలి. ఇరుసు 25 దగ్గర ఉంటే రెండు రెట్ల లోపే సరిపోతుంది. షాపులో ఇ-ఫ్లాట్ మేజర్ కార్డ్‌ను చాలా నెమ్మదిగా వాయించి చూడండి. బొటనవేలు నల్ల మెట్టు మీద, మధ్యవేలు రెండు నల్ల మెట్ల నడుమ పడుతుంది. మధ్యవేలి స్వరం ఎగిరిపడినా, అసలు పలకకపోయినా ఆ పియానోను వదిలేయడమే మేలు. ఎడమవైపు మెట్లు కొంచెం బరువుగా, కుడివైపు తేలికగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. అసలు పియానోలో మంద్ర స్వరాల సుత్తులు పెద్దవి కదా.

ఇక శబ్దం. ఎక్కువ డిజిటల్ పియానోల్లో వినిపించేది మంచి గ్రాండ్ పియానో రికార్డింగే. కానీ పియానో స్వరం అంత సులువుగా పట్టుబడదు. పై స్థాయి స్వరాలకు ఒక్కోదానికి మూడేసి తీగలుంటాయి. దెబ్బ పడగానే మూడూ కలిసి ఊగి శక్తిని త్వరగా బోర్డుకు ఇచ్చేస్తాయి. తర్వాత ఒకదానికొకటి ఎదురుగా ఊగుతూ, మిగిలిన శక్తిని నెమ్మదిగా వదులుతాయి. ఆ పొడవాటి తోక అలా వస్తుంది. గాబ్రియెల్ వైన్‌రైక్ 1977లో దీన్ని వివరించాడు. పెడల్ తొక్కితే కథ ఇంకా ముదురుతుంది. తీగల మోతను ఆపే డాంపర్లన్నీ లేచి, వాయించని తీగలు కూడా వంత పాడతాయి. విడివిడి రికార్డింగుల్లో ఇది దొరకదు కాబట్టి కంపెనీలు దాన్ని లెక్కకట్టి కలుపుతాయి. 2009లో వచ్చిన రోలాండ్ వి-పియానో అయితే స్వరం మొత్తాన్నీ లెక్కకట్టే పుట్టించింది.

అట్టడుగు స్వరం సెకనుకు 27.5 కంపనాలది. చిన్న స్పీకర్ దాన్ని పలకలేదు. అయినా పై అనుస్వరాలను విని, లేని మూల స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. పూరించుకోలేనిది వేళ్లకూ నేలకూ తగిలే వణుకు. ఆ లోటు మాత్రం ఉంటుంది.

అయితే శబ్దం తర్వాత బాగుచేసుకోగలిగేదే. మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోవచ్చు. యుఎస్‌బి కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, పియానోటెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఇంకా మంచి నాదం తెచ్చుకోవచ్చు. మెట్లను మార్చే దారి లేదు. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే మెట్లు బాగున్నదాన్నే తీసుకోమంటాను, స్పీకర్ కాస్త నీరసంగా ఉన్నా సరే.

డబ్బాలో వచ్చే చిన్న పెడల్ చాలావరకు స్విచ్ లాంటిదే, పూర్తిగా ఆన్ లేదా ఆఫ్. సగం తొక్కే అలవాటున్నవాళ్లు, ఆ పియానో సగం పెడల్‌ను గుర్తిస్తుందో లేదో అడిగి వేరేది కొనుక్కోవాలి. ఎక్స్ ఆకారపు స్టాండ్ ఊగుతుంది, కాబట్టి నాలుగు కాళ్ల గట్టి స్టాండ్ మీద పెట్టండి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రాత్రిపూట ఎవరికీ ఇబ్బంది లేదనుకోవద్దు. మెట్లు అడుగున తగిలే దబదబ స్టాండ్ కాళ్ల ద్వారా స్లాబులోకి దిగి కింది వాటావాళ్లకు వినిపిస్తుంది. కాళ్ల కింద మందపాటి రబ్బరు చాప వేస్తే చాలావరకు తగ్గుతుంది.