చీలమండ దగ్గర విరిగిన సైనికుడు

మా బాబాయి కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. పోయిన వేసవిలో ఎవరింట్లోనో గరాజ్ సేల్ పెడితే వెళ్ళి, ఒక బూట్ల డబ్బా నిండా పాత ప్లాస్టిక్ సైనికుల్ని కొనుక్కొచ్చాడు. ఇంటికొచ్చి డబ్బాని టేబుల్ మీద బోర్లించి, ఒక్కొక్కణ్ణీ నిలబెట్టబోతే పాదాలు అడుగు బిళ్ళతో పాటు టేబుల్ మీదే ఉండిపోయి, మిగతా మనిషి చేతిలోకి వచ్చేశాడట. వెంటనే నాకు వీడియో కాల్. "అన్నయ్యా, ప్లాస్టిక్ వెయ్యేళ్ళైనా భూమిలో కలవదని స్కూల్లో చెప్పారు కదా. ఇది చూస్తే అప్పడంలా విరుగుతోంది. ఏది అబద్ధం?"

రెండూ నిజమే. ఒకే బొమ్మలో రెండు నిజాలు ఎలా ఇమిడాయో చెప్పడానికే ఈ వ్యాసం.

విరిగిన చోటుని కెమెరాకి దగ్గరగా పెట్టమన్నాను. సుద్దముక్క విరిగినట్టు పొడిపొడిగా ఉంది. ఈ సైనికుల్ని పోసే ప్లాస్టిక్ పాలిథీన్. మంచి పాలిథీన్ అలా విరగదు. వంచితే వంగుతుంది, ఇంకా వంచితే మడత దగ్గర తెల్లబడి సాగుతుంది. డబ్బాలో అలా వంగేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకే డబ్బా, ఒకే అటక, కానీ ఒకడు వంగుతాడు, ఇంకొకడు రాలిపోతాడు.

ముందు వీళ్ళు ఎవరెవరి బొమ్మలో చూద్దాం. వాడున్న న్యూజెర్సీలోనే బెర్గెన్ టాయ్ అండ్ నావెల్టీ అనే కంపెనీ ఉండేది. పొట్టి పేరు బీటన్. అమెరికాలో ప్లాస్టిక్ సైనికుల్ని మొదట అమ్మింది వాళ్ళే, 1938లో. అంతకు ముందు సైనికుడంటే సీసమే. ఇంగ్లండ్‌లో విలియం బ్రిటన్ 1893లో ఒక కిటుకు కనిపెట్టాడు. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, గోడలకి పట్టిన పొర గట్టిపడగానే మిగిలింది వెనక్కి వంపేయడం. బొమ్మ లోపల డొల్ల, సీసం ఆదా. ఆ బ్రిటన్స్ కంపెనీయే 1966లో సీసం మానేసింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులో సీసమేమిటన్న గొడవ అప్పటికి ముదిరింది.

డబ్బాలో పెద్ద సైజు వాళ్ళలో చాలామంది మార్క్స్ కంపెనీ వాళ్ళు. లూయీ మార్క్స్ 1919లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఈ కంపెనీ, 1950లకల్లా కోట, కంచె, గుర్రాలు, సైనికులు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మేది. 1972లో దాన్ని కొన్నదెవరో తెలుసా? మన వంటింట్లో ఓట్స్ డబ్బా మీద కనిపించే క్వేకర్ వాళ్ళు. వాళ్ళూ నిలబెట్టలేక ఇంకొకరికి అమ్మేశారు, 1980లో దివాలా. కంపెనీ పోయినా ఉక్కు అచ్చులు పోలేదు. చేతులు మారుతూ కొత్త ప్లాస్టిక్ పోసుకుంటూనే ఉన్నాయి. వీటిని కలెక్టర్లు రీకాస్ట్ అంటారు, ఒరిజినల్ కంటే తక్కువ ధర కడతారు. నాకు నవ్వొచ్చేది ఇక్కడే. గట్టిగా ఉన్న కొత్తది చవక, ముట్టుకుంటే రాలే పాతది ఖరీదు.

అంగుళం కూడా లేని చిన్నవాళ్ళు ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు. నికొలస్ కోవ్ అనే హంగేరియన్ 1939లో ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీ ఇది. మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు, యుద్ధం అయ్యాక దువ్వెనలు, ఆ తరవాతే మోడల్ విమానాలు. ఈ బుల్లి సైనికులు 1959లో మొదలయ్యారు, బ్యాండ్ మేళంతో. చీలమండ దగ్గర విరిగినవాడు వీళ్ళలోవాడే.

కజ్జికాయల చెక్క చూశారు కదా. రెండు రెక్కలు మూసి నొక్కితే ఎక్కువైన పిండి అంచు వెంట బయటికొస్తుంది, దాన్ని గిల్లేస్తాం. సైనికుడి అచ్చూ అలాంటిదే. తల మీంచి భుజం, నడుము, కాలి పక్కగా దిగే సన్నటి గీత ఉంటుంది చూడండి, అదే రెండు రెక్కలు కలిసిన చోటు. అచ్చు అరిగిపోతే ఆ గీత రెక్కలా పెరుగుతుంది. రీకాస్ట్‌ని పట్టుకోవడానికి అదొక గుర్తు. రెక్కలు తిన్నగా విడిపోవాలి కాబట్టి లోపల ఇరుక్కునే వంపులు ఉండకూడదు. అందుకే తుపాకీకీ ఛాతీకీ మధ్య గాలి ఉండాల్సిన చోట ప్లాస్టిక్ నిండిపోయి ఉంటుంది. చిన్నప్పుడు తిరణాళ్ళలో కొన్న సైనికుడికి తుపాకీ ఎందుకు ఛాతీకి అతుక్కుపోయిందో నాకు ముప్పై ఏళ్ళ తరవాత అర్థమైంది.

ఇక అసలు విషయం. పాలిథీన్ అంటే ఏమిటో స్కూలు పుస్తకంలో ఉంది: ఎథిలీన్ అనే వాయువు అణువులు వరసగా కలిసిన పొడవాటి కార్బన్ల గొలుసు, ఆ కార్బన్లకి అతుక్కుని హైడ్రోజన్లు. పుస్తకంలో రాయనిది దాని పుట్టుక కథ. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు ఎథిలీన్‌ని విపరీతమైన ఒత్తిడిలో వేరే రసాయనంతో కలపాలని చూశారు. సోమవారం వచ్చి చూస్తే పాత్రలో మైనంలాంటి తెల్ల పదార్థం. మళ్ళీ చేస్తే ఒకసారి వచ్చేది, ఒకసారి పేలేది. ఎందుకో రెండేళ్ళకి గానీ తేలలేదు. ఎథిలీన్‌లో రవ్వంత ఆక్సిజన్ కలిసినప్పుడే ఆ గొలుసు మొదలవుతోంది. అదే ఆక్సిజన్ మావాడి సైనికుణ్ణి ఇప్పుడు తినేస్తోంది.

ఎలా తింటుంది? సంక్రాంతికి చేసిన జంతికలు డబ్బాలో నెల రోజులుంటే నూనె వాసన కొడతాయి. సైనికుడిలో జరిగేదీ అదే రసాయన చర్య, పేరు ఆటోఆక్సిడేషన్. దీన్ని నేను చేబదులు లెక్కలో చెప్తాను. గొలుసులో ఒక కార్బన్ దగ్గర హైడ్రోజన్ పోయిందనుకోండి. ఎండలోని అతినీలలోహిత కిరణం వల్లో, ఫ్యాక్టరీలో ఎక్కువ వేడి తగలడం వల్లో పోతుంది. ఇప్పుడా కార్బన్ లోటులో పడింది. ఇలా లోటులో ఉన్నదాన్ని రాడికల్ అంటారు. గాల్లోంచి ఆక్సిజన్ వచ్చి దానికి అతుక్కుంటుంది. లోటు తీరలేదు, ఇంకా ఆబగా మారింది. దీన్ని పెరాక్సీ రాడికల్ అంటారు. అది పక్క గొలుసు దగ్గర ఒక హైడ్రోజన్‌ని చేబదులు తీసుకుంటుంది. దీని అప్పు తీరింది, పక్కవాడు అప్పులపాలయ్యాడు. వాడూ ఆక్సిజన్‌ని పట్టుకుంటాడు, తన పక్కవాడి మీద పడతాడు. ఇంతవరకూ అప్పు ఒక్కటే, చేతులు మారుతోంది అంతే.

మొదట అప్పు తీర్చుకున్నవాడు మాత్రం ఊరికే ఉండడు. వాడు హైడ్రోపెరాక్సైడ్ అయి కూర్చున్నాడు. అందులో రెండు ఆక్సిజన్ల మధ్య బంధం బలహీనం. కాస్త వేడికో వెలుతురుకో అది పుటుక్కున తెగి రెండు ముక్కలవుతుంది, రెండూ లోటులోనే ఉంటాయి. ఒక అప్పు కాస్తా రెండు, నాలుగు అవుతుంది. పైగా ఆ ముక్కల్లో ఆల్కాక్సీ రాడికల్ అనేది ఒకటుంటుంది. దానికి చేబదులు దొరకకపోతే సొంత ఇల్లే అమ్ముకుంటుంది, అంటే తన పక్కనున్న కార్బన్-కార్బన్ బంధాన్ని తెంపేసి లోటు పూడ్చుకుంటుంది. గొలుసు తెగే ముఖ్యమైన మెట్టు ఇదే. ఇప్పటిదాకా చెప్పిందంతా దీనికి ముందు జరిగే హడావిడి.

ఈ ఊళ్ళో ఒక పుణ్యాత్ముడు కూడా ఉంటాడు. తన హైడ్రోజన్ ఇచ్చేసి, లోటుతోనే నిశ్చింతగా కూర్చోగలడు, పక్కవాడి మీద పడడు. అదే యాంటీఆక్సిడెంట్. చిప్స్ ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ 319 అని కనిపిస్తే అది టీబీహెచ్‌క్యూ అనే అలాంటి పుణ్యాత్ముడు. దాని చుట్టం బీహెచ్‌టీ తిండిలోనూ వాడతారు, ప్లాస్టిక్‌లోనూ వాడతారు. జంతికకీ సైనికుడికీ మందు ఒకటే. ఈ పుణ్యాత్ములు ఉన్నన్నాళ్ళూ బొమ్మకి ఏమీ కాదు. చివరివాడు ఖర్చయిపోయిన రోజు నుంచీ అప్పులు ఇంతలింతలు. నలభై ఏళ్ళు బాగానే ఉన్న బొమ్మ రెండేళ్ళలో పాడైందని కలెక్టర్లు వాపోతారు. పాడవడం అప్పుడు మొదలవలేదు, కాపలా అప్పుడు అయిపోయింది. పిల్లాడు రెండేళ్ళు ఆడి పారేసే బొమ్మకి యాభై ఏళ్ళ కాపలా ఎవరు పెడతారు?

ఇప్పుడు లెక్క చూడండి. అణుభారం లక్ష ఉన్న పాలిథీన్ గొలుసులో సుమారు 7000 కార్బన్లుంటాయి. దాన్ని అర మిల్లీమీటరు మందం దారం అనుకుంటే పొడవు దాదాపు మీటరు. ఇలాంటి దారాలు లెక్కలేనన్ని చిక్కుపడి ఉంటాయి. సుమారు సగం భాగం చీర మడతల్లా పొందిగ్గా పేర్చుకుని ఉంటుంది, అవి స్ఫటికాలు. ఆ దొంతరలోంచి ఈ దొంతరలోకి దూరే దారాలు కొన్ని ఉంటాయి. బొమ్మ వంగి మళ్ళీ లేస్తోందంటే అది వాటి చలవే. ఆక్సిజన్ స్ఫటికంలోకి దూరలేదు. చిక్కుగా, వదులుగా ఉన్న చోటికే వెళ్తుంది. అంటే సరిగ్గా ఆ కలిపే దారాలనే కొరుకుతుంది. తెగిన కొసలు స్వేచ్ఛ దొరికింది కదా అని పక్క దొంతరలో మడతపడిపోతాయి. దాంతో పైపొర ముడుచుకుని, కంటికి కనిపించని బీటలు పుడతాయి. వంచగానే ఆ బీట లోపలికి పరుగెత్తుతుంది.

ఇంతా చేసి ఎన్ని బంధాలు తెగాలి? గొలుసుకి ఒకటో రెండో తెగితే చాలు, సగటు పొడవు సగానికో మూడో వంతుకో పడిపోతుంది, చిక్కు విడిపోతుంది, బొమ్మ పొడైపోతుంది. ఏడు వేల బంధాల్లో రెండు! మిగతా 6998 చెక్కుచెదరలేదు. సూక్ష్మజీవులు తినగలగాలంటే గొలుసు ముప్పై నలభై కార్బన్ల దాకా చిన్నదవ్వాలి. అంటే ప్రతి గొలుసూ రెండు చోట్ల కాదు, దాదాపు రెండు వందల చోట్ల తెగాలి. మావాడి ప్రశ్నకి జవాబు ఇదే. సైనికుడు బొమ్మగా ఎప్పుడో చచ్చిపోయాడు, పాలిథీన్‌గా ఇంకా నిక్షేపంలా ఉన్నాడు. స్కూల్లో "ప్లాస్టిక్ నశించదు" అని ఒక్క ముక్కలో చెప్పడం వల్ల పిల్లలకి ఈ తేడా తెలియకుండా పోతోంది. పొడైపోయింది కదా, ఇంక పర్లేదు అనుకుంటారు. ఆ పొడినే మనం మైక్రోప్లాస్టిక్ అంటున్నాం.

చీలమండే ఎందుకు? ఆక్సిజన్ బయటి నుంచి లోపలికి వస్తుంది. లావుగా ఉన్న చోట లోపలి గుజ్జు కొన్నాళ్ళు మిగులుతుంది. చీలమండ, తుపాకీ గొట్టం లాంటి చోట్ల లోపలంటూ ఏమీ లేదు, అంతా తోలే. బరువు పడేదీ అక్కడే.

రంగు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. శుద్ధమైన పాలిథీన్ ఎండలోని కిరణాల్ని పట్టించుకోదు, పట్టుకునేవి అందులోని మలినాలు, రంగులు. తెల్ల రంగుకి వాడే టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ అనే రకం వెలుతురు తగిలితే తనే రాడికల్స్‌ని పుట్టిస్తుంది. నలుపుకి వాడే కార్బన్ బ్లాక్ అలా కాదు, కిరణాల్ని తనే మింగేసి గొలుసుని కాపాడుతుంది. మేడ మీద నీళ్ళ ట్యాంకు నల్లగా ఉండేదీ, అనంతపురం తోటల్లో డ్రిప్ పైపులు నల్లగా ఉండేదీ అందుకే. ఒకే కంపెనీ, ఒకే అచ్చు, రంగు మారితే ఆయుష్షు మారుతుంది.

పెయింట్ వేస్తే కాపాడొచ్చు కదా అంటారు. పాలిథీన్‌కి ఏదీ అంటదు. నీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లు, పాలిథీన్ ఉపరితల శక్తి 31 చుట్టూ ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టే. వేసిన రంగు పెచ్చులుగా లేచిపోతుంది. తయారీదార్లకీ ఇదే తలనొప్పి. హెరాల్డ్ అనే బొమ్మల కంపెనీ 1958లో స్వాపెట్స్ అని తెచ్చింది, తల, నడుము, టోపీ వేరువేరు రంగుల్లో పోసి ఒకదాన్లో ఒకటి గుచ్చడం. టింపో అనే ఇంకో బొమ్మల కంపెనీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఒక రంగు పోశాక దాని మీదే ఇంకో రంగు ప్లాస్టిక్ పోసేవారు. బొట్టు పెయింట్ లేకుండా నీలం కోటు, ఎర్ర పట్టీ. నా ఓటు టింపోకే.

ఏం చేయమంటావని అడిగాడు. అటక మీంచి దించమన్నాను, ఎందుకంటే పది డిగ్రీలు పెరిగితే ఈ చేబదుళ్ళు సుమారు రెట్టింపవుతాయి. అద్దాల బీరువాలో కిటికీ ఎదురుగా పెట్టొద్దన్నాను, మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్ని పూర్తిగా ఆపదు. రాలిపోయేవాటికి తెల్ల జిగురు నీళ్ళలో పలచగా కలిపి పూస్తారు, అది పట్టు ఇస్తుందే గానీ తెగిన గొలుసుని అతికించదు.

కొన్నిటిని సంక్రాంతి బొమ్మల కొలువుకి విజయవాడ పంపుతానన్నాడు. పిన్ని ఫోన్లోనే కొట్టిపారేసింది. "విరిగిన బొమ్మ ఇంట్లో పెట్టకూడదురా, అరిష్టం." అరిష్టం మాటేమో గానీ, దేవుడి విగ్రహానికి చెప్పే నియమాన్ని తుపాకీ పట్టుకున్నవాడికి కూడా వర్తింపజేయడం నాకు ముచ్చటేసింది.

మావాడు ఇప్పుడు వాళ్ళని రెండు డబ్బాలుగా విడదీశాడు. బిళ్ళ పట్టుకుని తుపాకీ కొసని వేలితో మెల్లగా నొక్కడం, అంతే పరీక్ష. ఒక డబ్బా మీద "వంగేవాళ్ళు", రెండో దాని మీద "వంగనివాళ్ళు" అని రాసుకున్నాడు. వంగేవాళ్ళలో బాకా ఊదేవాడొకడు దొరికాడు. తుపాకీ లేదు, ఎక్కడా విరగలేదు. వాణ్ణి మాత్రం పంపమంది పిన్ని.