స్టాండప్ కామెడీ: పర్లాకిమిడి భోజనాల దగ్గర తేలిన అపోహలు

పోయిన నెల ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక మిత్రుడి ఇంట్లో ఐదుగురు రచయితలం రాత్రి భోజనానికి కూర్చున్నాం. ఒకరు ఒడియా నాటకాలు రాస్తారు, ఒకరు బుర్రకథలు. మిగతా ముగ్గురం స్టాండప్ కామెడీ రాసి, ఒక్కరమే వేదికెక్కి జనాన్ని నవ్విస్తూ చెబుతాం. దాల్మా, చేపల పులుసు అయిపోయాయి, చేతులు ఎండిపోయాయి, అయినా ఎవరూ లేవలేదు. బరంపురంలో ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణిగా ఆ రాత్రి తేలిన సంగతులు రాస్తున్నాను.

అపోహ: స్టాండప్ పరాయి సరుకు.

వాస్తవం: ఆ పేరూ ఆ పద్ధతీ పడమటి నుంచి వచ్చాయి, నిజమే. కానీ బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పేవాడు, తోలుబొమ్మలాటలో కేతిగాడు, అవధానంలో అప్రస్తుత ప్రసంగం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి.

అపోహ: నోటికొచ్చింది చెప్పడమే కదా, రాసేదేముంది?

వాస్తవం: ప్రతి మాటా రాసుకుంటాం, కొట్టేస్తాం, మళ్లీ రాస్తాం. తెలుగులో ఇంకో చిక్కుంది. నవ్వు పుట్టించే మాట వాక్యం చివర పడాలి, మన వాక్యమేమో క్రియతో ముగుస్తుంది. ‘తలుపు తీయగానే ఎదురుగా మా మేనమామను చూశాను’ అంటే ‘చూశాను’ దగ్గరికి వచ్చేసరికి నవ్వు చల్లారిపోతుంది. ‘తలుపు తీశాను. ఎదురుగా మా మేనమామ’ అంటే నిలుస్తుంది. క్రియ లేకుండా వాక్యం నడవగలగడం తెలుగు మనకిచ్చిన వరం. ఇంగ్లీషు జోకును మాటకు మాట తెలుగు చేస్తే పేలకపోవడానికి సగం కారణం ఇదే.

అపోహ: పూర్వం ఎంత మాటైనా చెల్లేది, ఇప్పుడే జనం సున్నితమైపోయారు.

వాస్తవం: అమెరికాలో స్టాండప్ కమెడియన్ లెన్నీ బ్రూస్‌ను 1964లో న్యూయార్క్ కోర్టు అశ్లీలత నేరం కింద దోషిగా తేల్చింది. అతను 1966లో చనిపోయాడు. ఆ రాష్ట్ర గవర్నరు క్షమాభిక్ష ఇచ్చింది 2003లో! అక్కడి ఇంకో కమెడియన్ జార్జ్ కార్లిన్‌ను 1972లో మిల్వాకీలో వేదిక దిగగానే అరెస్టు చేశారు. కాబట్టి ఆ ‘పూర్వం’ ఎవరికి చెల్లిందో అడగాలి. నల్లగా ఉన్నవాళ్లను, నత్తి ఉన్నవాళ్లను, హిజ్రాలను ఎగతాళి చేసేవాళ్లకు చెల్లింది. ఇప్పుడు వాళ్లూ టికెట్టు కొని ముందు వరుసలో కూర్చుంటున్నారు. మారింది అదే.

అపోహ: యాస పెడితే చాలు, నవ్వు అదే వస్తుంది.

వాస్తవం: ఆ రాత్రి ఎక్కువసేపు నలిగింది ఇదే. ఒడియా కలిసిన మా తెలుగును ఒక పెద్ద నగరంలో నిర్వాహకుడు వేదిక మీదే వెక్కిరించినప్పుడు నాకు కడుపు మండింది. అయినా తర్వాత నేను చేసిందేమిటి? సంతకొచ్చిన సవర అనే గిరిజన తెగ మనిషి గొంతు పెట్టి నవ్వించాను. ప్రదర్శన అయ్యాక ఒక సవర యువకుడు నా దగ్గరికి వచ్చి, “మా ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరండి” అన్నాడు. అంతే అన్నాడు. గిడుగు రామమూర్తి ఇదే పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టారు. ఆ ఊళ్లో కూర్చుని ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

ఆస్ట్రేలియాకు చెందిన స్టాండప్ కమెడియన్ హన్నా గాడ్స్‌బీ, తనను తాను కించపరచుకుని నవ్వించడం ఇక మానేస్తానని 2018లో విడుదలైన ప్రదర్శనలో వేదిక మీదే ప్రకటించింది. మనల్ని మనమే తక్కువ చేసుకోవడం గురించి ఆమె అంత ఆలోచిస్తే, పక్కవాణ్ణి తక్కువ చేసేటప్పుడు మనమెంత ఆలోచించాలి? బుర్రకథ రాసే పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. “యాస తీసేస్తే ఊరే పోతుంది నాయనా” అన్నారు. ఆయన మాటలోనూ బలముంది. అందుకే యాస తీయలేదు, నవ్వు ఎవరి మీద పడాలో అది మార్చాను. ఇప్పుడు ఆ జోకులో సవర అవ్వ చింతపండు ధరను సవరలో, ఒడియాలో, తెలుగులో చెబుతుంది. మూడు భాషలూ వచ్చిన షావుకారుకు ఏ భాషలోనూ అర్థం కాని మాట ఒక్కటే, ఆ ధర.

ఇంకా కుదరలేదు. ‘ధర’ మీద నేను ఆగేలోపే జనం నవ్వేస్తున్నారు, షావుకారు ముఖం చూపించడానికి చోటు మిగలడం లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో దాన్నే నాలుగు రకాలుగా రాసుకున్నాను. ఆదివారం మూడోది చెప్పి చూస్తాను.