ఉపన్యాసం అదిరింది, సరే... ఎవరి మనసు మారింది?

కొన్నేళ్ల కిందట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో వక్తృత్వ పోటీకి జడ్జిగా వెళ్లాను. అంశం రక్తదానం. మేం మొదటి బహుమతి ఇచ్చిన అబ్బాయి గొంతు మైకు లేకపోయినా గేటు దాకా వినిపించేది. ప్రాసలు, పిడికిళ్లు, మధ్యలో ఒక పద్యం. హాలంతా ఈలలు. మేం మూడో బహుమతి ఇచ్చిన అమ్మాయి మెల్లగా మాట్లాడింది, రెండుసార్లు కాగితం చూసుకుంది. "మన ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటే వాళ్లు తీసుకునేది 350 మిల్లీలీటర్లు. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా ఉండి, హిమోగ్లోబిన్ సరిపోతే ఇవ్వొచ్చు. గురువారం పదింటికి సెమినార్ హాల్లో క్యాంపు ఉంది. సూదంటే భయమున్నవాళ్లు నాతో రండి, నాకూ భయమే" అని దిగిపోయింది.

క్యాంపు నడిపిన లెక్చరర్ తరవాత ఫోన్లో చెప్పారు. వచ్చినవాళ్లలో చాలామంది ఆ అమ్మాయి మాట విని వచ్చామన్నారట. మన మొదటి బహుమతి కుర్రాడు మాత్రం రాలేదట. ఆ రోజు మార్కుల షీట్ మీద సంతకం నాదే. పిల్లలకు మాట్లాడటం నేర్పడమే నా పని. ఆ ఫోను వచ్చాక నేను నేర్పేవాటిలో ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటే వెతుక్కోవాల్సి వచ్చింది.

అపోహ: చప్పట్లు ఎంత గట్టిగా పడితే ఉపన్యాసం అంత బాగా పనిచేసినట్టు.

వాస్తవం: మన ఊళ్లలో కురుక్షేత్రం నాటకం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రాయబారం సీనులో కృష్ణుడి పద్యానికి జనం వన్స్‌మోర్ కొడతారు. కానీ కృష్ణుడు ఒప్పించాల్సింది జనాన్ని కాదు, దుర్యోధనుణ్ణి. వాడు ఐదూళ్లు కూడా ఇవ్వనన్నాడు.

ముందే మనతో ఏకీభవించేవాళ్లే ఎక్కువగా చప్పట్లు కొడతారు. ఒప్పించే ప్రసంగానికి అసలు శ్రోత చేతులు కట్టుకుని వెనక వరసలో కూర్చున్నవాడు. అందుకే ఇప్పుడు క్లాసులో చీటీల పద్ధతి పెట్టాను. ప్రసంగానికి ముందు విషయం చెప్పి, ఎంతవరకు ఒప్పుకుంటారో ఒకటి నుంచి పది లోపు అంకె వేయమంటాను. పేరు రాయక్కర్లేదు. అయిపోయాక అదే చీటీ మీద ఇంకో అంకె. తొమ్మిది పదయితే నాకేం పట్టదు. మూడు అయిదయిందా, పిల్ల గెలిచినట్టే. ఆక్స్‌ఫర్డ్ తరహా డిబేట్లలో కూడా ముందొకసారి, తరవాతొకసారి ఓట్లు తీసుకుని, ఎక్కువమందిని తమవైపు తిప్పుకున్న పక్షాన్ని విజేతగా ప్రకటిస్తుంటారు. వీలైతే వారం తరవాత మూడో అంకె కూడా అడగండి. హాల్లో పెరిగిన అంకె కొన్నిసార్లు ఇంటికెళ్లేసరికి దిగిపోతుంది.

అపోహ: ఒప్పించడంలో మాటల వాటా ఏడు శాతమే, మిగతాదంతా బాడీ లాంగ్వేజ్, గొంతు.

వాస్తవం: పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుకు వెళ్లినవాళ్లందరూ ఈ లెక్క వినే ఉంటారు. నేనూ చాలాకాలం స్లైడ్ మీద పెట్టి చూపించాను, సిగ్గుగానే ఉంది. ఇది 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు చేసిన రెండు ప్రయోగాల్లోంచి వచ్చింది. ఆయన వినిపించింది ఉపన్యాసాలు కాదు, విడివిడి మాటలు. మాట ఒకటి చెబుతూ గొంతు, ముఖం ఇంకోటి చెబుతుంటే, ఎదుటి మనిషికి మనమీద ఇష్టమా అయిష్టమా అన్నది జనం దేన్నిబట్టి అంచనా వేస్తారని చూశారు. ఈ లెక్కను అన్ని రకాల మాటలకూ అంటించొద్దని తరవాత ఆయనే స్పష్టంగా చెప్పారు.

అంత దూరం ఎందుకు, తమిళం ముక్క రానివాణ్ణి చెన్నైలో ఒక మీటింగులో కూర్చోబెట్టి, దేనికి ఒప్పించబోయారో చెప్పమనండి. తొంభై మూడు శాతం అర్థం కావాలి కదా!

గొంతు అక్కర్లేదని కాదు. ముఖ్యమైన అంకె చెప్పాక రెండు సెకన్లు ఆగడం నేర్చుకుంటే పిల్లల స్థాయే మారిపోతుంది. చేతులు ఎక్కడ పెట్టాలా అని మథనపడే సమయంలో సగం ఆ ఆగడం మీద పెట్టినా చాలు.

అపోహ: అవతలివాళ్ల వాదన ఎత్తితే మన కేసు బలహీనపడుతుంది.

వాస్తవం: నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, జపాన్‌తో యుద్ధం ఇప్పట్లో తేలదని అమెరికా సైన్యం తన సైనికులకు నచ్చజెప్పాలనుకుంది. కార్ల్ హోవ్లాండ్ అనే సైకాలజిస్టు బృందం రెండు రకాల రేడియో ప్రసంగాలు తయారుచేసి పరీక్షించింది. ఒకదాంట్లో ఒకే పక్షం వాదన, రెండోదాంట్లో ఎదుటి వాదన ప్రస్తావన కూడా ఉంది. అప్పటికే ఆ మాట నమ్మినవాళ్ల మీద మొదటిది బాగా పనిచేసింది. నమ్మనివాళ్ల మీద, చదువుకున్నవాళ్ల మీద రెండోదే మెరుగు. అయితే ఎదుటి వాదన ఎత్తి జవాబు చెప్పకుండా వదిలేయకూడదు. ఎత్తామంటే తేల్చాలి.

రక్తదానం సంగతే తీసుకోండి. వినేవాడి బుర్రలో తిరిగే మాట "నీరసం వస్తే?". దాన్ని మనం ఎత్తకపోతే అది పోదు, అక్కడే కూర్చుని మిగతా ప్రసంగమంతా వినకుండా అడ్డుపడుతుంది.

జవాబు కూడా వినేవాళ్లు ఒప్పుకునే కొలతలోనే ఉండాలి. 1879లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం గురించి ఉపన్యసించినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు శాస్త్రాన్ని నమ్మేవాళ్లు. మానవత్వం, న్యాయం అని ఎంత చెప్పినా "శాస్త్రం ఒప్పుకోదు" అన్న ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్లు. అందుకే శాస్త్రం ఆధారంగానే వాదించారు. అయినా ఊరు కరిగిపోలేదు, పండితులు ఖండించారు, వాదోపవాదాలు నడిచాయి. మొదటి పెళ్లి 1881 డిసెంబరు 11న గానీ జరగలేదు. ఒక్క ప్రసంగంతో ఊరు మారాలని ఎదురుచూసేవాళ్లకు ఈ రెండేళ్ల గడువు గుర్తుచేస్తుంటాను.

అపోహ: బాగా భయపెడితే దారికొస్తారు.

వాస్తవం: హెల్మెట్ మీద మాట్లాడమంటే ప్రతి పిల్లాడూ తల పగిలిన ఫొటోతోనే మొదలుపెడతాడు. 1953లో జానిస్, ఫెష్‌బాక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు పళ్ల శుభ్రత మీద హైస్కూలు పిల్లలకు మూడు స్థాయుల్లో భయపెట్టే ప్రసంగాలు ఇచ్చి చూశారు. ఎక్కువ భయపెట్టినదానికంటే తక్కువ భయపెట్టినదే బాగా పనిచేసింది. తరవాతి పరిశోధనలు భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేదు. భయంతోపాటు చేయగలిగిన పని కూడా చూపిస్తే ఫలితం ఉంటుందన్నాయి. కాబట్టి ఆ ఫొటో వెంటనే పట్టీ ఎలా బిగించుకోవాలో చూపించండి. లేదంటే చూసినవాడు కళ్లు తిప్పుకుంటాడు, అంతే.

అపోహ: వణుకు పోయాకే స్టేజీ ఎక్కాలి.

వాస్తవం: అలా అయితే నేను ఇంకా ఎక్కి ఉండను. మన టెన్షన్ మనకు కనిపించినంత ఎదుటివాళ్లకు కనిపించదు. 2003లో శావిట్స్కీ, గిలోవిచ్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి ముందే చెప్పి మాట్లాడించిన విద్యార్థులు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు కూడా. నేను దీన్ని స్టేజీ మెట్ల దగ్గర నిలబడి చెవిలో చెబుతాను.

అపోహ: చివర్లో "యువతా మేలుకో" అంటే పిలుపు ఇచ్చినట్టే.

వాస్తవం: మేలుకుని ఏం చేయాలి? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేతో తమకు 80 ఎకరాలు కావాలన్నారు. ప్రభుత్వం నుంచి రాకపోతే ఊళ్లోనే ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అక్కడున్నవాళ్లను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది ఎవరికి, ఎంత, ఎవరిని అన్నది తేటగా ఉంది. భూమి సమస్య మీద ఎంత గొప్ప ఉపన్యాసం ఇచ్చినా ఆ ఒక్క ప్రశ్న లేకపోతే రెడ్డిగారు లేచే సందర్భమే రాదు.

ఇదే కథలో రెండో పాఠం కూడా ఉంది, దాన్ని మనవాళ్లు తక్కువ చెప్పుకుంటారు. తరవాత దేశమంతా సాగిన భూదానంలో ఇస్తామన్న భూమి చాలావరకు పేదల చేతికి చేరలేదు. కొంత సాగుకే పనికిరానిది. సభలో లేచిన చేతిని లెక్కపెట్టి ఊరుకుంటే ఇలాగే అవుతుంది.

అపోహ: మంచి మూల్యాంకనమంటే ఉచ్చారణ, హావభావాలు, టైము చూసి మార్కులు వేయడం.

వాస్తవం: మన కాలేజీ షీట్లలో సాధారణంగా ఉండే గడులు ఇవే. ధారణ అని ఇంకోటి ఉంటుంది, అంటే బట్టీకి మార్కులు. టోస్ట్‌మాస్టర్స్ అని సభల్లో మాట్లాడటం నేర్పే క్లబ్బులున్నాయి, వాళ్ల అంతర్జాతీయ ప్రసంగ పోటీ షీట్‌లో వందలో 50 విషయానికి, 30 చెప్పే తీరుకి, 20 భాషకి. అది ఎంతో నయం. అయినా ఒప్పించే ప్రసంగానికి ప్రత్యేకంగా ఒక గడి కావాలంటాను.

వింటున్నప్పుడు నేను మూడే రాసుకుంటాను. నన్నేం చేయమన్నారు? నా ఏ సందేహం తీర్చారు? ఎక్కడ నా ధ్యాస పోయింది? అభిప్రాయం చెప్పేటప్పుడు కూడా "నీకు కంటి చూపు కలపడం రాదు" అనను. "నాలుగో నిమిషంలో లెక్కలు వరసగా చెప్పావు, అప్పుడు నేను ఫోను చూసుకున్నాను" అంటాను. మొదటిదానికి పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంటుంది. రెండోదానికి పెన్ను తీసి ఆ లెక్కల్లో రెండు కొట్టేస్తుంది. "సూపర్‌గా చెప్పావమ్మా" అని ఊరుకోవడం కూడా జడ్జి పని ఎగ్గొట్టడమే.

పోయినసారి పిలిచినవాళ్లను షీట్‌లో "శ్రోత ఏం చేయాలో తేలిందా?" అని పది మార్కుల గడి పెట్టమని అడిగాను. ఫార్మాట్ మార్చడం కుదరదు మేడమ్ అన్నారు. సరేనని "వేషధారణ" అన్న గడి మీద పెన్నుతో కొట్టేసి, పక్కన నా గడి గీసుకున్నాను.