గ్లోబల్ హెల్త్ ఆన్‌లైన్ సర్టిఫికెట్: అపోహలు - వాస్తవాలు

ఆరోగ్య శాఖ నోటిఫికేషన్ మాట వినబడితే చాలు, నల్లగొండ నుంచి అచ్చంపేట దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతుంది: "డబ్ల్యూహెచ్‌ఓ సర్టిఫికెట్ ఉన్నోళ్లకు వెయిటేజీ, రెండు రోజుల్లో ఇప్పిస్తాం, ఫోన్‌పే చేయండి." ఏఎన్‌ఎంలు, నర్సింగ్ పిల్లలు జీతంలోంచి, అప్పు తెచ్చి కడుతున్నారు.

అపోహ: ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) లాంటి చోట్ల చేసే గ్లోబల్ హెల్త్ ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉద్యోగంలో వెయిటేజీ, పైగా అది ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)తో సమానం.

వాస్తవం: రెండూ అబద్ధమే. స్టాఫ్ నర్స్ పోస్టుకు అడిగేది జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్, దానితోపాటు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ల్యాబ్ టెక్నీషియన్‌కైతే పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్. తెలంగాణలో 2022 డిసెంబర్ స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్ తీసి చూడండి: రాత పరీక్షకు 80 పాయింట్లు, మిగతా 20 ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు. ఆన్‌లైన్ కోర్సుకు అందులో చోటే లేదు. వెయిటేజీ కోసం పరుగెత్తాల్సింది ఆస్పత్రి నుంచి సర్వీస్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి. ఎంపీహెచ్ యూనివర్సిటీ ఇచ్చే పీజీ డిగ్రీ. కొన్ని గంటల కోర్సు దానికి సాటి రాదు.

డబ్ల్యూహెచ్‌ఓ ఉద్యోగమని డబ్బులడిగితే అక్కడే ఆగిపోండి. ఆ సంస్థ నియామకాల్లో ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. కోర్సు చేయకుండానే సర్టిఫికెట్, ఎవరిదో సొంత నంబరుకు డబ్బు, సరిచూసుకునే లింకు లేని పీడీఎఫ్: ఈ మూడింట్లో ఒక్కటి కనబడ్డా మోసమే అనుకోండి. ఇప్పటికే కట్టినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అపోహ: వీడియోలన్నీ చూస్తే సర్టిఫికెట్ వచ్చినట్టే.

2017లో మొదలైన డబ్ల్యూహెచ్‌ఓ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఓపెన్‌డబ్ల్యూహెచ్‌ఓనే చూడండి. చాలా కోర్సుల్లో పాఠాలు 80 శాతం చూస్తే ఇస్తూ వచ్చింది పాల్గొన్నట్టు పత్రం మాత్రమే. క్విజ్‌లలో 80 శాతం మార్కులొస్తేనే సాధించినట్టు పత్రం ఇచ్చింది. చాలామంది చేతిలో ఉన్నది మొదటిదే, అనుకుంటున్నది రెండోది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులకు ఇంకో చిక్కుంది. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. ఫీజు కట్టి రిజిస్టర్ కాకపోతే అసైన్‌మెంట్లన్నీ చేసినా సర్టిఫికెట్ రాదు. అసైన్‌మెంట్లలో 25కు 10, సెంటర్‌లో రాసే పరీక్షలో 75కు 30, రెండూ రావాలి. ఒకదాంట్లో తగ్గితే ఇంకోదాంట్లో ఎన్నొచ్చినా లాభం లేదు. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్క. అందుకే ఒక వారం పల్స్ పోలియో డ్యూటీలో పోయినా కంగారొద్దు.

అపోహ: గ్లోబల్ హెల్త్ అంటే విదేశాల ముచ్చట, మనకెందుకు?

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములు, గార పట్టిన పళ్లు చూసినవాళ్లు ఈ మాట అనరు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శక విలువ. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది) ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్గొండ టెక్నిక్'. కోర్సులో నేర్చుకునే వ్యాధులపై నిఘా, నమూనా సేకరణ, రిపోర్టింగ్ రేపు మీ సబ్‌సెంటర్‌లో పనికొచ్చేవే. ఎన్‌జీవో ప్రాజెక్టులకు, ఎంపీహెచ్ దరఖాస్తుకు సర్టిఫికెట్ మీ ఆసక్తి చూపే ఆధారంగానూ నిలుస్తుంది. కోర్సు చేయమని చెప్పేది ఇందుకే.

ఇంగ్లిష్ రాదని భయమా? క్యాప్షన్లు పెట్టుకోండి, వేగం 0.75కు తగ్గించండి, ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటే ముందే చదవండి.

కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడనిచ్చే కోర్సైనా సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి. కట్టలేనివాళ్లు కోర్సు పేజీలోనే ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టొచ్చు. జవాబుకు రెండు వారాల పైన పట్టొచ్చు కాబట్టి ముందుగానే పెట్టండి. ఎక్కడ చేరినా ప్రొఫైల్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయండి. సర్టిఫికెట్ మీద పడేది ఆ పేరే, తర్వాత మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.