కందిరీగ గూళ్లు: ఇరవై ఏళ్ల పనిలో నేను వింటున్న అపోహలు, చూసిన వాస్తవాలు

కొంతకాలం క్రితం, తొలకరి పడిన రోజుల్లో ఒక సాయంత్రం ఫోను వచ్చింది. "అన్నా, గూటి మీద కిరసనాయిలు పోసి కాల్చేశాం. అయినా ఇంకా తిరుగుతున్నాయి. మీరు రాగలరా?" అన్నాడు ఒక కుర్రవాడు. నేను వెళ్లేసరికి పెంకుటింటి చూరు వాసాలు రెండు నల్లబడి ఉన్నాయి. ఇంటి పెద్దాయన కుడి మోచేయి దాకా కాలింది. మెడ మీద మూడు చోట్ల కుట్టాయి. నేలమీద పడిన గూడు చూస్తే అరచేయంత కూడా లేదు. అందులో ఉన్నవి ఇరవైకి మించవు. చూరు కింద ఎవరి తలా తగలనంత ఎత్తులో, ఎవరూ నడవని మూలలో ఉన్న గూడు అది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

పురుగుల నివారణ పనిలో ఉంటూ గోదావరి జిల్లాల్లో ఇరవై ఏళ్లుగా గూళ్లు దింపుతున్నాను. పురుగు చేసిన హాని కన్నా, దాన్ని పోగొట్టబోయి మనుషులు తమకు తాము చేసుకున్న హానినే ఎక్కువగా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గూడంటే గూడే, ఏదైనా తీసేయాల్సిందే

నాకు ఫోను చేసిన ప్రతి ఒక్కరినీ ముందుగా గూటి ఆకారం అడుగుతాను. చేయవలసిన పని దాన్ని బట్టే మారుతుంది.

గొడుగును తిరగేసి సన్నటి కాడతో వేలాడదీసినట్టు ఉండి, ఆరు మూలల గదులు కింది నుంచి తెరుచుకుని కనిపిస్తే అది కాగితపు కందిరీగల గూడు. ఎండు చెక్క నారను గీకి, నమిలి, ఉమ్మితో కలిపి కడతాయి కాబట్టి ఆ పేరు. కిటికీ పైన, సన్‌షేడ్ కింద, గేటు గొట్టంలో పెడతాయి. వీటి సంఖ్య పదుల్లోనే ఉంటుంది. గూటిని ముట్టుకుంటేనే మీదికి వస్తాయి.

గదులేవీ కనిపించకుండా, గోధుమరంగు చారలున్న అట్టతో చుట్టినట్టు గుండ్రంగా ఉండి, ఒక పక్కన రంధ్రం ఉంటే అది పెద్ద కందిరీగల గూడు. మామిడి కొమ్మకో, కొబ్బరి మట్టల మధ్యో, మేడ చూరుకో ఉంటుంది. మొదట నిమ్మకాయంత ఉంటుంది, చూస్తుండగానే గుమ్మడికాయను మించుతుంది. లోపల వందల్లో ఉంటాయి. దీనికి మాత్రం పని తెలిసినవారు, పూర్తి రక్షణ దుస్తులతో రావాలి. తేనెటీగల కోసం కుట్టిన పలుచని దుస్తుల్లోంచి కూడా పెద్ద కందిరీగ ముల్లు దిగుతుంది.

గదులు మైనంతో ఉండి, పట్టంతా ఈగలు పరుచుకుని కనిపిస్తే అవి తేనెటీగలు. నీళ్ల ట్యాంకుల కింద, అపార్టుమెంటు అంచులకు వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. అవి వలస జీవులు, కొన్ని నెలలకు వాటంతట అవే లేచిపోతాయి. వాటి మీద మందు కొట్టడం నేను చేయను. ఎవరైనా చేసి ఉంటే ఆ తేనె తినవద్దు.

అపోహ: మట్టిగూడు పెట్టిన పురుగు తన గూట్లోని పురుగును తనలాగా మార్చుకుంటుంది

భ్రమరకీటక న్యాయం అని మన పెద్దలు చెప్పే మాట ఇది. భ్రమరం ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెడుతుందట. ఆ పురుగు భయంతో దాన్నే తలచుకుంటూ చివరికి తానే భ్రమరమై బయటికి వస్తుందట. ఉపమానంగా ఎంత గొప్పదో! చూపులో తప్పు కూడా లేదు. పురుగును లోపలికి తీసుకెళ్లడం నిజం, కొన్నాళ్లకు రెక్కలున్నది బయటికి రావడం నిజం. మధ్యలో జరిగేది మాత్రం వేరు. తల్లి కందిరీగ ఆకుపురుగునో సాలీడునో కుట్టి, చావకుండా కదల్లేకుండా చేసి, గూట్లో పేర్చి, గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ తాజా ఆహారాన్ని తిని పెరుగుతుంది. మన ఇళ్లలో ట్యూబులైటు వెనుక, పుస్తకాల అంచున మట్టిగొట్టాలు కట్టే నల్లటి, సన్న నడుము జాతి ఒకటి సాలీళ్లనే తెస్తుంది. దాని శాస్త్రీయ నామంలోనే మద్రాసు ఉంది: స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానం.

ఇవి ఒంటరి జీవులు. గూటికి కాపలా ఉండవు, గుంపుగా వచ్చి కుట్టవు. చేత్తో గట్టిగా నొక్కితే తప్ప కుట్టడం అరుదు. మట్టిగూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని కొన్ని ఇళ్లలో నమ్మకం. ఆ ఇళ్లవారు గూటిని కదపరు. ఆ నమ్మకం వల్ల ఎవరికీ నష్టం లేదు. గోడ మీద మరక మీకు ఇబ్బంది అయితే, పిల్ల ఎగిరిపోయి గొట్టానికి కన్నం పడ్డాక గరిటెతో గీకేయండి. మందు అక్కర్లేదు.

అపోహ: బాల్కనీలో పెద్ద కందిరీగ చక్కర్లు కొడుతోందంటే మన మీద కన్ను వేసినట్టే

నల్లటి ఒళ్లు, పొట్ట మీద వెడల్పాటి ఒకే నారింజ పట్టీ. వెస్పా ట్రోపికా అంటారు. కిటికీల పైభాగం, సన్‌షేడ్ మూలలు వెతుక్కుంటూ నెమ్మదిగా ఎగురుతుంటే భయం వేస్తుంది, కాదనను. కానీ అది వెతుకుతున్నది మనల్ని కాదు, నేను పైన చెప్పిన చిన్న కాగితపు గూళ్లను. వాటిపై దాడి చేసి, పెద్దవాటిని తరిమి, గదుల్లోని పిల్లలను లాగి తన గూటికి మోసుకుపోతుంది. ఒక ఇంట్లో నేను తీయబోయిన గూటిని నా కళ్ల ముందే రెండు రోజుల్లో ఖాళీ చేసింది. తలుపు తెరిచి ఉంచండి, దాని దారిన అది పోతుంది. ఇదే పురుగు ఒకే వైపు నుంచి పదే పదే వస్తూ పోతూ ఉంటే మాత్రం అటు దగ్గరలో చెట్టు తొర్రలోనో, పుట్టలోనో గూడు ఉండవచ్చు. దూరం నుంచి గమనించండి.

అపోహ: పొగపెడితే లొంగుతాయి, నిప్పు పెడితే పీడ పోతుంది

పొగ తేనెటీగల మీద పనిచేస్తుంది. మంట వచ్చిందనుకుని అవి పొట్ట నిండా తేనె తాగుతాయి, ప్రమాదం అని ఒకదానికొకటి తెలిపే వాసన కూడా పొగలో కలిసిపోతుంది. కందిరీగ గూట్లో తాగడానికి తేనె నిల్వ ఉండదు. పొగకు అది లొంగకపోగా రెచ్చిపోతుంది. నిప్పు సంగతి మొదటే చెప్పాను. గూడు ఎండు కాగితం లాంటిది, భగ్గుమంటుంది. కింద నిచ్చెన మీద ఉన్న మనిషి చేతిలో కిరసనాయిలు సీసా, పైన తాటాకు. ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

అపోహ: రాత్రి పూట కళ్లు కనిపించవు, కాబట్టి భయం లేదు

మేము పని చేసేది చీకటి పడ్డాకే. అన్నీ గూట్లో ఉంటాయని, చల్లదనానికి మందగిస్తాయని. అంతే తప్ప నిద్రపోతాయని కాదు. కదిలిస్తే నేరుగా వెలుతురు మీదికి వస్తాయి. చేతిలో టార్చి ఉంటే చేతి మీదికి, నుదుటి మీద ఉంటే ముఖం మీదికి. మేము దీపాన్ని దూరంగా నేలమీద పెడతాం, దానికి ఎర్ర కాగితం చుడతాం. ఎరుపు వాటి కంటికి దాదాపు ఆనదు. పారిపోయే దారి ముందే చూసుకుంటాం. నిచ్చెన ఎక్కి గూడు తీయం, ఎందుకంటే కుట్టినప్పుడు మనిషి రెండు చేతులూ వదిలేస్తాడు.

అపోహ: కన్నం మూసేస్తే లోపలే చస్తాయి

ఏసీ గొట్టం కన్నంలో, రోలింగ్ షట్టరు పెట్టెలో గూడు ఉంటే సిమెంటు పూసేస్తుంటారు. దారి మూసుకుపోయిన కందిరీగ మరో దారి వెతుకుతుంది. ఆ దారి మీ పడకగదిలోకి తెరుచుకోవచ్చు. ముందు గూడు చావాలి, తర్వాతే కన్నం మూయాలి.

అపోహ: చలికాలం రాగానే వాటంతట అవే పోతాయి

ఇది చలిదేశాల మాట. అమెరికాలో ఉండే మన పిల్లలు ఫోనులో అమ్మానాన్నలకు చెబుతుంటారు. అక్కడ వారి పెరట్లోని గూడు గడ్డ కట్టే చలికి ఖాళీ అవుతుంది, కొత్త రాణులు మాత్రమే మిగులుతాయి. కాబట్టి అక్కడ ఎదురుచూడటం మంచి సలహానే. మన దగ్గర అంత చలి ఎక్కడిది? దక్షిణాదిలో అంతటా కనిపించే రొపాలిడియా మార్జినాటా అనే కాగితపు కందిరీగను బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ బృందం దశాబ్దాలుగా పరిశీలించింది. అవి ఏడాది పొడవునా గూళ్లు కడతాయి. రాణి పోతే గూట్లోని మరో ఆడ కందిరీగ ఆ స్థానం తీసుకుంటుంది. ఒక పెద్దదాన్ని చంపేశాను, ఇక గూడు చచ్చినట్టే అనుకోవడం ఇందుకే పొరపాటు.

అపోహ: పొలంలో కొట్టే మందు ఏదైనా చాలు

గట్టి మందు కదా అని డైక్లోర్‌వాస్ సీసా తెచ్చి చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు. మన దేశంలో దాని వాడకం 2020 డిసెంబరు 31తో నిషిద్ధమైంది. పాత సీసా ఇంట్లో ఉంటే దగ్గరికి కూడా రానివ్వకండి. మేము వాడేవి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రకాలు. ఇవి చేపలకు, రొయ్యలకు అతి ప్రమాదం. మా వైపు ఇంటి వెనుకే చెరువు ఉంటుంది కనుక చెరువు గట్టు చెట్టు మీద మందు కొట్టను, గూటిని సంచిలో పట్టి కొమ్మతో కోసుకొస్తాను.

అపోహ: కుట్టిన చోట సున్నం రాస్తే విషం విరుగుతుంది

సున్నం, ఉల్లిపాయ, ఇనుప ముక్క, వెనిగర్. విషం చర్మం కిందికి దిగిపోయాక పైన రాసింది దాన్ని చేరదు. సున్నం చర్మాన్ని కాల్చే ప్రమాదం అదనం. చేయవలసినవి ఇవి: ముందు గూటికి దూరంగా వెళ్లాలి, సబ్బుతో కడగాలి, గుడ్డలో చుట్టిన మంచు పెట్టాలి. చేతికి కుడితే ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక రావు. తేనెటీగ అయితే ముల్లు, విషపుతిత్తి చర్మంలోనే ఉండి విషం ఎక్కిస్తూ ఉంటాయి. గోటితో గీకినా, వేళ్లతో లాగినా ఫరవాలేదు, ఆలస్యం కాకపోతే చాలు. కందిరీగ ముల్లు ఊడదు, అందుకే అది మళ్లీ మళ్లీ కుట్టగలదు.

ఒళ్లంతా దద్దుర్లు, నాలుకో గొంతో వాపు, ఊపిరాడకపోవడం, వాంతులు, కళ్లు తిరగడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. ఒక్క కాటుకే ఇలా కావచ్చు, నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు కాపాడేది తొడ కండకు ఇచ్చే ఎడ్రినలిన్ సూదిమందు, మాత్ర కాదు. ఎక్కువ కాట్లు పడినవారు బాగానే ఉన్నామనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. కండరాలు, మూత్రపిండాలు ఆ తర్వాతి రోజుల్లో దెబ్బతినవచ్చు. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే క్షణం ఆగకూడదు.

అపోహ: కదలకుండా నిలబడాలి, లేదంటే నీళ్లలో దూకాలి

పళ్లెం మీద వాలిన ఒంటరి కందిరీగ విషయంలో కదలకుండా ఉండటం సరైనదే. గూడు కదిలిందంటే మాత్రం పరుగే. ముఖం, మెడ కప్పుకుని నేరుగా పరుగెత్తి తలుపున్న గదిలోకో కారులోకో వెళ్లండి. దారిలో వాటిని కొట్టి నలపవద్దు, నలిగినదాని వాసన మిగతావాటిని పిలుస్తుంది. బావిలో దూకితే తల పైకెత్తేదాకా పైన అవి తిరుగుతూ ఉండవచ్చు. ఈత రానివారికి ఆ బావే ప్రాణాంతకం.

అపోహ: చెట్టుకొమ్మన ఉన్న పెద్ద గూడే అన్నిటికన్నా ప్రమాదం

నేను చూసిన చెడ్డ కాట్లలో ఎక్కువ భాగం కంటికి కనిపించని గూళ్ల నుంచే. తాటిచెట్టెక్కే గీత కార్మికులకు, కొబ్బరి దింపు తీసేవారికి మట్టల చాటున ఉన్న గూడు చెయ్యి పెట్టేదాకా తెలియదు. వారు కట్టుకున్న తాడు వారిని పరుగెత్తనివ్వదు. చెట్టెక్కే ముందు కింద నిలబడి ఐదు నిమిషాలు మొవ్వు వైపు చూడండి. రాకపోకలు ఉంటే ఆ చెట్టు ఆ రోజుకు వద్దు. రైతులకు మోటారు స్టార్టరు డబ్బా, ఇంట్లోవారికి కరెంటు మీటరు పెట్టె కూడా అంతే. కొన్నాళ్లుగా తెరవని డబ్బా తలుపును పక్కకు నిలబడి పొడి కర్రతో తట్టండి. రెండు నిమిషాలు ఆగి, ఏదీ బయటికి రాకపోతే అప్పుడు తెరవండి.