కెల్టిక్ గాథల్లో దుప్పి: అపోహలు - వాస్తవాలు

పురాణగాథలు పాఠం చెప్పడం నా పని. ప్రాచీన ఐరోపా జాతులైన కెల్టుల గాథల దగ్గరికి వచ్చేసరికి, విద్యార్థులు తరచూ గుండెస్ట్రప్ అనే చోట దొరికిన వెండి పాత్ర ఫొటో చూపించి, దాని మీది కొమ్ముల దేవుడు మన పశుపతేనా అని అడుగుతారు.

అపోహ: గుండెస్ట్రప్ వెండి పాత్ర మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న కొమ్ముల దేవుడు మన పశుపతే.

వాస్తవం: పశుపతి బొమ్మగా చెప్పుకునే మొహెంజొదారో ముద్రకీ ఆ పాత్రకీ మధ్య సుమారు రెండు వేల ఏళ్ల దూరం. అదలా ఉంచి, కొమ్ములు చూడండి. ముద్ర మీదివి దున్నపోతు కొమ్ములని ఎక్కువమంది పండితుల మాట. పాత్ర మీదివి కొమ్మలుగా చీలిన దుప్పి కొమ్ములు, పక్కనే అదే కొమ్ములతో దుప్పి కూడా నిలబడి ఉంది. ఇది చిన్న తేడా కాదు. దున్నపోతుకైనా మన కృష్ణజింకకైనా కొమ్ములు ఒకసారి మొలిస్తే చివరిదాకా ఉంటాయి. దుప్పికి ఏటా రాలిపోయి, మెత్తటి నూగుతో మళ్లీ మొలుస్తాయి. ఫ్రాన్స్‌లోని రీమ్స్ శిల్పంలో ఈ కొమ్ముల దేవుడి సంచిలోంచి గింజలో నాణేలో ధారగా కారుతుంటాయి, కింద దుప్పీ ఎద్దూ ఉంటాయి. పోయి మళ్లీ వచ్చే సిరికి ఈ కొమ్ములు గుర్తని నా నమ్మకం.

అపోహ: ఆ పాత్ర మీద కెర్నున్నోస్ అని ఆ దేవుడి పేరు ఉంది.

వాస్తవం: లేదు. 1891లో డెన్మార్క్ బురదనేలలో దొరికిన ఆ పాత్ర మీద ఎవరి పేరూ లేదు. ఆ పేరు పారిస్ పడవవాళ్లు రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలంలో నిలిపిన రాతి స్తంభం మీదిది. నోత్రదామ్ చర్చి కింద 1711లో బయటపడింది. అందులో దేవుడి ఒక్కో కొమ్ముకీ ఒక్కో కంటె వేలాడుతుంది. పాత్ర మీది మూర్తి మెడలోనూ కుడిచేతిలోనూ కంటెలే. ఆ పోలికతోనే పండితులు పేరు కలిపారు.

అపోహ: ఐర్లండ్, వేల్స్ కథల్లోనూ ఈ దేవుడే ఉంటాడు.

వాస్తవం: ఆ పేరుతో ఎక్కడా కనిపించడు. అక్కడ దుప్పి మనిషిని ఇంకో లోకపు గుమ్మం దాకా తీసుకెళ్తుంది. వేల్స్ కథలో పుయిల్ అనే ప్రభువు అడవిలో చూసిన కుక్కలు తెల్లటి ఒంటివి, ఎర్రటి చెవులవి. వాటిని తరిమేసి, అవి పడగొట్టిన దుప్పి మీదికి తన కుక్కల్ని వదిలాడు. అది పాతాళరాజు అరాన్ వేట. ఆ తప్పుకు ఏడాదిపాటు అతని రూపంలో, అతని రాజ్యంలో ఉండాల్సి వచ్చింది.

ఐర్లండ్‌లో అయితే ఆడజింకే ముఖ్యం. మంత్రగాడి శాపంతో జింకైన సైవ్‌కీ వీరుడు ఫిన్‌కీ పుట్టినవాడు ఒషీన్. ఆ పేరుకు జింకపిల్ల అని అర్థం. ఆమె మాయమైన ఏళ్ల తర్వాత బెన్ బుల్బెన్ కొండ మీద ఒంటరిగా ఉన్న పిల్లవాడు ఒషీన్‌ని వేటకుక్కలు చుట్టుముడితే, ఫిన్ సొంత కుక్కలు వాటికి అడ్డంగా నిలబడ్డాయి.