4కెలో తీశాం సరే, ఆడించేదెట్లా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో షార్ట్ ఫిల్ములకు ఎడిటింగు, కలరు చేసి, చివర్లో థియేటర్ కాపీ తీసివ్వడం నా పని. "4కెలో తీశామన్నా, ఇంక ఢోకా లేదు" అంటూ వస్తారు కుర్రాళ్లు. ముచ్చటేస్తుంది, భయమూ వేస్తుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో కెమెరాలో చెడినవి తక్కువ, కెమెరా దాటాక చెడినవే ఎక్కువ.

అపోహ: 4కె అంటేనే క్వాలిటీ

మామూలు కెమెరాల్లో 4కె అంటే అడ్డం 3840, నిలువు 2160 చుక్కలు. అంతవరకే. ఆ చుక్కలకు సెకనుకు ఎంత డేటా ఇచ్చారో అదే బొమ్మను నిలబెడుతుంది. బిట్‌రేట్ అనేది దాన్నే.

ఒక టీమ్ రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో తీసిన షాట్ తెచ్చింది. నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటున్న జనం, అలల మీద వణికే లైట్లు. ఒరిజినల్ చూస్తే కళ్లు చెదిరాయి. సైజు తగ్గుతుందని వాళ్లు 8 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 8 మెగాబిట్లకు) కుదించిన 4కె ఫైల్లో మాత్రం చెరువంతా గళ్ల లుంగీ! కంప్రెషన్ చాలావరకు ముందు ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ ఉన్న తేడానే దాచుకుంటుంది. గోడ ముందు ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే తేడా కొంచెమే. నీళ్లు, ఇసుక, ఆకులు, జనం అయితే ఫ్రేము ఫ్రేముకూ అంతా మారిపోతుంది, డేటా చాలదు. అదే 8 ఎంబీపీఎస్‌లో 1080పి (1920x1080 చుక్కల) ఫైల్ తీసి పక్కన పెట్టి చూపించా. అదే నయమని వాళ్లే ఒప్పుకున్నారు. మామూలు 4కె వీడియోకు, సెకనుకు 24-30 ఫ్రేములకు, యూట్యూబ్ అడిగేదే 35 నుంచి 45 ఎంబీపీఎస్.

అపోహ: పెన్‌డ్రైవ్ ఇస్తే థియేటర్లో ఆడేస్తుంది

థియేటర్ సర్వర్ అడిగేది డీసీపీ, అంటే డిజిటల్ సినిమా ప్యాకేజ్ అనే థియేటర్ కాపీ. అందులో ప్రతి ఫ్రేమూ విడిగా ఒక జేపెగ్ 2000 బొమ్మ, 12 బిట్ల రంగు, సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో ఖరారు చేసిన కొలతలివి. ఈ లెక్కన 18 నిమిషాల సినిమా దాదాపు 34 జీబీ దాకా పోవచ్చు. సెకనుకు 25 ఫ్రేములు కాదు, షూటింగప్పుడే 24 పెట్టుకోండి. తర్వాత మారిస్తే సౌండ్‌తో తంటా. కొన్ని థియేటర్లలో సినిమాను శాటిలైట్‌లో దింపుకునే వేరే సిస్టమ్ ఉంటుంది, అక్కడ మీ డీసీపీ కూడా పనికిరాకపోవచ్చు. హాలు మాట్లాడుకునే రోజే ఆపరేటర్‌ను అడగండి.

ఇంకోటి. డీసీపీ డిస్కును మామూలుగా లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తాం. ఒంగోలు నుంచి వచ్చిన ఒకబ్బాయి, సినిమా సరిగ్గా ఎక్కిందో లేదో ఒకసారి చూసుకుందామని దాన్ని విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. 'డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి' అని అడిగింది. చేసేశాడు. మర్నాడు పొద్దున్నే షో. ఆ రాత్రి నాకు కునుకు లేదు, వాడికి అన్నం లేదు. అప్పట్నుంచి డిస్కు మీద ఎర్ర స్కెచ్‌తో 'ల్యాప్‌టాప్‌కు పెట్టొద్దు' అని రాసే ఇస్తున్నా.

అపోహ: 2కె ప్రొజెక్టర్ అయితే 4కె డీసీపీ ఆడదు

ఆడుతుంది. జేపెగ్ 2000లో 4కె బొమ్మ లోపలే 2కె (అడ్డం, నిలువు సగం చుక్కల) బొమ్మ ఇమిడి ఉంటుంది, సర్వర్ అంతవరకే తీసుకుంటుంది. కానీ ఆ 250 మెగాబిట్ల హద్దు రెండింటికీ ఒకటే. చిన్న సినిమాకు నేనైతే 2కె డీసీపీనే చేస్తా.

అపోహ: ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి ఆడితే ఫైల్ పాడైనట్టే

చాలాసార్లు పాడయ్యేదేం ఉండదు. 10 బిట్ 4:2:2 హెచ్.265ను (రంగు వివరం ఎక్కువుండి, గట్టిగా కుదించిన వీడియో రకాన్ని) చాలా ల్యాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ చిప్పులు విప్పలేవు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కాలేజీ హాల్లో వేసేటట్టయితే 8 బిట్ హెచ్.264లో (పాత, తేలికైన రకంలో) 1080పి కాపీ ఒకటి విడిగా చేసుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, అది కూడా ముందు రోజే చూసుకోవాలి.

అపోహ: తాళం వేయకపోతే సినిమా దొంగల పాలే

డీసీపీని ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ ఒక్క సర్వర్‌కు, ఆ తేదీల మధ్య మాత్రమే పనిచేసే కీ పంపాలి. దాన్నే కేడీఎం అంటారు. షో టైమ్ మారినా, ఆఖరి నిమిషంలో సర్వర్ మార్చినా తెర నల్లగానే ఉంటుంది. పెద్ద సినిమాలకు తప్పదు. ఫెస్టివల్‌కు పంపే పన్నెండు నిమిషాల సినిమాకు తాళమెందుకబ్బా!